చీకటికి కాపలా కాసిన అప్ప

పోయిన వారం బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వస్తూంటే, ఖాళీ చేపల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్న ఒకావిడ నన్ను చాలాసేపు తేరిపార చూసి, మీరు ఆ పాత నీలం వ్యాను డ్రైవరు కదా అని అడిగింది. ఆ వ్యాను తుక్కు కింద పోయి ఇరవై ఏళ్ళు దాటింది. దాన్ని గుర్తుపెట్టుకున్న మనిషి కనిపిస్తే నాకు చుట్టం కనిపించినంత సంతోషం. అవునమ్మా అని సర్దుకుని కూర్చునేలోగా ఆవిడ అసలు సంగతి చెప్పింది. తను అప్పకి మేనకోడలట. అప్ప పోయి పదిహేను రోజులైందట.

"రేతిరి కూడు తిని తొంగున్నాది, తెల్లారి లెగనేదు. బాధేటీ పడనేదు," అంది. కాసేపు బుట్ట అంచు గోకి, గొంతు తగ్గించి మళ్ళీ చెప్పింది. "తలకాడ దీపం ఎట్టాల కదా బాబూ. ఎట్టడానికి మాకే బయమేసినాది, లెగిసి తిడతాదేమోనని. సముద్రం ఏపు కిటికీకి గోనె కట్టీసి, అప్పుడెట్టినాం."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. చావు కబురు చెప్పుకుంటూ ఇద్దరం అలా నవ్వుతుంటే చుట్టూ ఉన్న జనం వింతగా చూశారు. వాళ్ళ తప్పేం లేదు. అప్ప తెలిసినవాళ్ళకి ఆ గోనె సంగతి వింటే నవ్వు ఆగదు, తెలియనివాళ్ళకి అందులో ఏముందో అర్థం కాదు. తెలియనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆవిడ అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. ఆ పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా పనిచేయలేదు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపలవాళ్ళ ఇళ్ళలో అక్కని అప్ప అంటారు. ముందు తమ్ముళ్ళు పిలిచారు, తర్వాత పేటంతా పిలిచింది. మా దీవుల్లో హిందీ మాట్లాడని నాలుక లేదు కదా, ఆ హిందీవాళ్ళు అదే ఆవిడ పేరనుకుని మర్యాదకి దీదీ తగిలించారు. అలా అప్పా దీదీ అయింది. రెండు భాషల్లో రెండుసార్లు అక్క. నన్నడిగితే ఆవిడ పెత్తనానికి ఇంకో రెండు భాషలు కావలసి వచ్చేవి.

మనిషి పొట్టి. చీర మోకాలి కిందకి ఎగ్గట్టి, చంకలో కొబ్బరి ఈనెల చీపురు పెట్టుకుని తిరిగేది. ఆ చీపురుతో ఆవిడ ఇల్లు ఊడవగా నేను చూడలేదు. దాని పని వేరే. అది తర్వాత చెబుతాను.

మాది షాదీపూర్. నాన్న వడ్రంగి పని మీద దీవులకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేము తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధనకి వెళ్ళే కుటుంబం. అమ్మ పాటల పుస్తకం నా ముందు పెట్టి దిద్దించబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను గానీ, నా ఈడువాళ్ళలో చాలామందికి తెలుగు నోటితోనే సరి. టూరిస్టులు అప్పుడప్పుడే రావడం మొదలైన రోజుల్లో నేను ఒక పాత వ్యాను సంపాదించి, అబర్డీన్ బజార్లో బస్టాండు పక్కన నిలబెట్టుకుని బేరాలు చూసుకునేవాణ్ణి. పొద్దున కాలాపానీ ఖైదీల జైలు, మధ్యాహ్నం కార్బిన్స్ కోవ్‌లో స్నానాలు, సాయంత్రం చిడియాటాపులో సూర్యాస్తమయం. అందరూ చూపించేవే నేనూ చూపించేవాణ్ణి. అందుకని నాకంటూ ఒక ప్రత్యేకత ఉండాలని దురాశ పుట్టింది.

చిడియాటాపు దారిలో, రోడ్డు దిగి కొబ్బరి తోట దాటితే, తూర్పు ముఖంగా ఒక చిన్న ఇసుక తీరం ఉంది. దాని పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ ఐస్‌క్రీం బండి వస్తుంది. శీతాకాలం నుంచి ఎండలు ముదిరే దాకా అక్కడికి సముద్రపు తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయని విన్నాను. ఒకనాడు చిడియాటాపు నుంచి తిరిగొస్తూ, కలకత్తా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి తాబేళ్ళు చూపిస్తానని గొప్పలు పోయి, వ్యానుని ఆ తోటలోకి తిప్పాను. అప్పటికి పొద్దుగూకి చీకటి పడుతోంది. సముద్రానికి ఎదురుగా నిలబెట్టి రెండు హెడ్‌లైట్లూ పూర్తిగా వేశాను. అదే ఏర్పాటు అనుకున్నాను.

ఆ వెలుగులోకి ఒక పొట్టి మనిషి చేతులు చాపుకుని వచ్చి నిలబడింది. బత్తీ బంద్ సెయ్యి అంది. నేను డ్రైవర్ దర్జాతో, ఈ సముద్రం నీదా అని హిందీలో అడిగాను. ఆవిడ భుజం మీది గోనె తీసి ఒక లైటు మీద కప్పింది. రెండో లైటు మీద, నేను చూస్తుండగానే, డోరుకి ఆరేసుకున్న నా తువ్వాలు తీసి కప్పింది. ఆ తర్వాత తీరిగ్గా నా కిటికీ దగ్గరికొచ్చింది.

"సూడ్డానికొచ్చినారా బాబూ, కనపడ్డానికొచ్చినారా?"

లైట్లు ఆర్పాను. ఆవిడ కలకత్తా కుటుంబాన్ని, తొంభై కిలోల పెద్దమనిషితో సహా, ఇసుకలో వరసగా కూర్చోబెట్టి, నోరెత్తొద్దని చెప్పింది. అరగంట కూర్చున్నారు. తాబేలు రాలేదు. నాకు కడుపు మండిపోయింది గానీ, వెళ్ళేటప్పుడు ఆ పెద్దమనిషి, ఇన్ని నక్షత్రాలు ఉంటాయని తనకి తెలియదని, ఈ యాత్ర మొత్తంలో ఇదే బాగుందని చెప్పి నా చేయి ఊపాడు. ఆ మాట విన్నాక నేను అప్పకి శత్రువుగా ఉండటం దండగ అనిపించింది.

అలా మొదలై, పదేళ్ళపాటు సీజనులో వారానికి రెండు మూడు సార్లు నా టూరిస్టుల్ని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. పద్ధతులన్నీ అప్పవే. తోట మొదట్లోనే లైట్లు ఆర్పాలి. బీడీ కాల్చేవాడు అడవి వైపు తిరిగి కాల్చుకోవాలి. అప్ప ఇల్లు చూసినా తెలిసేది ఆవిడ పట్టుదల. చేపలవాళ్ళ ఇళ్ళన్నిటికీ గుమ్మం సముద్రం వైపు ఉంటుంది, పడవ కనపడాలి కాబట్టి. అప్ప ఇంటి గుమ్మం అడవి వైపు. మొగుడు బతికున్నప్పుడే పోరి పోరి తిప్పించిందట. ఆయన చివరి దాకా, నేను నా పడవకి వీపు చూపించి అన్నం తింటున్నానని చెప్పుకుని ఏడ్చేవాడట.

అప్ప లెక్కలో తాబేలంటే జంతువు కాదు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల. "ఇక్కడే పుట్టినాది, ఇక్కడికే కానుపుకొచ్చినాది, పిచ్చితల్లి. దానికి ఇంకో పుట్టిల్లు ఏదీ?" అని నాకు మొదట్లోనే చెప్పింది. మనం ఇళ్ళలో పురిటికి పాటించేవన్నీ ఆవిడ ఇసుకలో పాటించేది. గూడు చుట్టూ వెదురు కర్రలు పాతి, పాత వల కట్టేది. ఆ వలకి వేపమండా, దిష్టికి ఒక పాత చెప్పూ వేలాడదీసేది. వేపమండ సంగతేమో గానీ చెప్పు కుక్కల్ని ఆకర్షించేది. వారానికొక చెప్పు పోయేది. ఆ వారం నా టూరిస్టుల్లో ఎవరి చెప్పులు పాతబడి ఉన్నాయో ఆవిడ ముందే చూసిపెట్టుకునేది. ఒక మద్రాసు లెక్చరరు గారు ఒంటి చెప్పుతో హోటలుకి వెళ్ళడం నాకు గుర్తుంది. ఆయన చాలా ఆనందంగా వెళ్ళాడు.

చీపురు పని తెల్లవారుజామున ఉండేది. తాబేలు ఒడ్డుకెక్కి దిగితే ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినంత గాడి పడుతుంది. ఆ గాడి పట్టుకుని వెళ్తే గూడు దొరుకుతుంది. కుక్కలకీ తెలుసు, గుడ్లు తవ్వుకుపోయే మనుషులకీ తెలుసు. అందుకని వాళ్ళకంటే ముందు లేచి, నీళ్ళ అంచు నుంచి గూడు దాకా వెనక్కి నడుస్తూ ఆ గాడినీ, తన అడుగుల్నీ కూడా ఊడ్చుకుంటూ వచ్చేది. ఊడ్చాక ఆ ఇసుక మీద రాత్రి ఏదో జరిగిందని చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. గూడు కర్రకి వల అల్లే తాడు ఒకటి కట్టి, రోజుకొక ముడి వేసేది. నలభై ఐదు ముడులు దాటితే, పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయని, ఆవిడ ఇంక పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళేది కాదు.

చూడ్డానికొచ్చినవాళ్ళకి ఇంకో నియమం ఉండేది. పురిటింటికి ఉత్త చేతులతో వచ్చినా పరవాలేదు, ఉత్త చేతులతో పోకూడదు. ఒక్కొక్కరూ చేతినిండా గాజుపెంకులో, నైలాను దారాలో, విరిగిన బకెట్టు ముక్కలో ఏరుకుని పోవాలి. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు గారు పట్టు చీర కట్టుకున్న భార్యతో సహా ఏరారు. ఆయన ముగ్ధుడైపోయి, ఊరెళ్ళాక ఆవిడకి బహుమానంగా ఒక అయిదు సెల్లుల టార్చిలైటు పంపించారు. అప్ప దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, సెల్లులు తీసేసి, అందులో ఎండుమిరపకాయలు దాచుకుంది. మంచి మనిషి, మూత బిగువుగా ఉన్న డబ్బా పంపించాడు అనేది.

ఇంత చీకటి పిచ్చి ఎందుకని చాలా రోజులు అడగలేదు. అలవాటైపోయిందేమో అనుకున్నాను. ఒక వానాకాలం, టూరిస్టులు లేని రోజుల్లో, ఎండు చేపల కోసం వెళ్ళినప్పుడు తనే చెప్పింది. అది మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణల్లో ఆవిడ చీపురు చంకలోంచి తీసి కింద పెట్టిన ఒకే ఒక్కటి.

పెళ్ళై, ఓడెక్కి దీవులకొచ్చిన మొదటి ఏడు. తల్లి లేదు, అత్త లేదు, చుట్టూ తెలిసిన మొహం లేదు. ఒక తెల్లవారుజామున తాబేలు గుడ్లు పెడుతూ కళ్ళ నీళ్ళు కార్చడం చూసింది. దానికి పురిటినొప్పులనుకుంది. మన పురిటిగదుల్లో బిడ్డ పుట్టిన దగ్గర్నుంచీ రాత్రంతా దీపం ఆరకూడదు కదా. ఈ పిల్లకి దీపం పెట్టేవాళ్ళెవరు అనుకుని, ఉన్న ఒక్క లాంతరూ తీసుకెళ్ళి గూడు పక్కన పెట్టింది. రేషన్లో వచ్చిన కిరసనాయిలు అంతా దానికే. ఇంట్లో మొగుడూ తనూ చీకట్లో తడుముకుంటూ తిన్నారు. నలభై రోజుల పైన ఒక్క రాత్రి ఆరనివ్వలేదు. పిల్లలు బయటికొచ్చిన నాడు ఒక్కటి కూడా సముద్రం వైపు వెళ్ళలేదు. తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటే నడుస్తాయని ఆవిడకి అప్పుడు తెలియదు. పొద్దున వెళ్ళి చూస్తే అన్నీ లాంతరు చుట్టూ ఉన్నాయి. పీతలు తినగా మిగిలినవి, కాకులు పొడవగా మిగిలినవి, దీపం చుట్టూ తిరిగి తిరిగి ఎండిపోయినవి.

"నానే పిలిసినట్టయినాది బాబూ," అంది.

ఆ లాంతరు సముద్రంలో పారేశావా అప్పా అని అడిగాను. అదేం మాట, లాంతరు ఏం చేసింది, ఇంట్లో వాడుకున్నాను అని నన్నే కోప్పడింది. మళ్ళీ చీపురు తీసుకుంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇంతవరకు చెప్పినదంతా చూసి నేనేదో ఆవిడకి కుడిభుజంలా ఉన్నాననుకుంటారేమో. ఆవిడని నిలువునా ముంచబోయినవాణ్ణి కూడా నేనే.

మా సంఘంలో ఈస్టర్ నాడు సూర్యోదయ ఆరాధన సముద్రపు ఒడ్డున చేస్తాం. ఏటా ఊళ్ళోనే రోడ్డు పక్క గట్టు మీద జరిగేది. ఒక పక్క బస్సుల మోత, ఇంకో పక్క కుక్కల మోత. ఆ ఏడు కమిటీలో, ఇంతకంటే మంచి చోటు ఎవరికైనా తెలుసా అన్నారు. నా నోరు ఊరుకోదు కదా. తూర్పు ముఖం, తెల్లటి ఇసుక, ఎదురుగా అడ్డం లేని ఆకాశం అని టూరిస్టులకి చెప్పే ధోరణిలో వర్ణించి పారేశాను. అందరూ మెచ్చుకున్నారు. మా సంఘపెద్ద ఒకాయన కాంట్రాక్టు పనులు చేసేవాడు. జనరేటరూ, ట్యూబులైట్లూ, మైకూ తను తెస్తానని అక్కడికక్కడే మాటిచ్చాడు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. గూళ్ళ సంగతి నాకు తట్టనే లేదు.

శనివారం మధ్యాహ్నం దారి చూసుకోవడానికి తీరానికి వెళ్తే, అప్ప ఒక గూడు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఆ ఏడు ఆవిడకి కలిసిరాలేదు. తీరం మీద మూడే గూళ్ళు పడ్డాయి. ఒకటి కుక్కలు తవ్వాయి. ఒకటి పోటులో కొట్టుకుపోయింది. మిగిలింది ఇదే. తాడుకి యాభై ముడుల దాకా పడ్డాయి. నన్ను పిలిచి గూడు మీద ఇసుక చూపించింది. నడుమ అరచేతి లోతు కుంగి ఉంది.

"లోపల గుంటలు గుడ్లు పగలగొట్టుకుని కూకున్నారు. రేపు తెల్లారకుండా పైకొచ్చీస్తారు," అంది. గుంటలంటే వాళ్ళ మాటలో పిల్లలు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. రేపు నాలుగింటికి నూటయాభై మంది వస్తారని, జనరేటరు వస్తుందని, ఇక్కడే, సరిగ్గా ఈ గూటికి ఎదురుగానే ట్యూబులైట్లు కడతారని. చీపురు దెబ్బ తినడానికి సిద్ధపడే చెప్పాను. ఆవిడ గూటి కర్రకున్న తాడు ముడులు ఒకసారి తడిమింది. తర్వాత, మీ పండగేటి బాబూ అని అడిగింది.

నాకు చేతనైనట్టు చెప్పాను. ప్రభువుని సమాధి చేసిన మూడో నాడు ఆడవాళ్ళు తెల్లవారకముందే అక్కడికి వెళ్ళారని, వెళ్ళేసరికి అడ్డంగా పెట్టిన రాయి తొలగి ఉందని, ఆయన అప్పటికే లేచి వెళ్ళిపోయాడని.

"ఆ ఆడోల్లు దీపం అట్టుకెల్లినారా?"

ఆలోచించాను. ఆదివారపు బడి నుంచి వింటున్న కథ. దీపం సంగతి నాకెక్కడా గుర్తు రాలేదు. ఇంకా చీకటిగానే ఉందన్నది మాత్రం గుర్తుంది. అదే చెప్పాను.

"అయితే మీరూ అలగే రండి," అంది అప్ప. "మట్టిలోంచి లెగిసొచ్చేవోలకి దారి తెలుసు. మనం సూపించక్కర్నేదు."

ఆ మాట పట్టుకుని వ్యాను తోలుకుంటూ పాస్టర్ గారింటికి వచ్చి పడ్డాను. ఆయన సన్నటి మనిషి, ఉబ్బసం, ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే. అంతా విని ఉబ్బసం వచ్చేదాకా నవ్వారు. ఇన్నేళ్ళుగా ఈ భాగం మీద ప్రసంగిస్తున్నాను, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదయ్యా అన్నారు. సంఘపెద్ద మాత్రం ఒప్పుకోలేదు. జనరేటరు లారీకెక్కించేశాను, తాబేళ్ళ కోసం దింపుతామా అన్నాడు. సరే, అక్కడికెళ్ళి చూద్దామన్నారు పాస్టర్ గారు.

మా దీవుల్లో సూర్యుడికి తొందరెక్కువ. అయిదింటికల్లా వచ్చేస్తాడు. అందుకని నాలుగింటికే వ్యానూ, వెనక కిక్కిరిసిన బస్సూ, దాని వెనక మిగతా జనంతో లారీ తోట దగ్గరికి చేరాయి. ముందురోజే పున్నమి వెళ్ళింది గానీ చంద్రుడు కొండచాటుకు దిగిపోయాడు. రోడ్డుకి అడ్డంగా అప్ప నిలబడి ఉంది. భుజం మీద, చంకలో, తల మీద కూడా గోనెలు. పేటలో ఉన్న గోనెలన్నీ తెచ్చినట్టుంది. నేను లైట్లు ఆర్పేశాను. బస్సు డ్రైవరూ నన్ను చూసి ఆర్పేశాడు.

సంఘపెద్ద లారీలోంచి దిగాడు. చేతిలో పెట్రోమాక్స్ బుస్సుమంటూ వెలుగుతోంది. ఇది పండగమ్మా, దేవుడి పని, మధ్యలో నువ్వెవరు ఆపడానికి అని గట్టిగానే అడిగాడు. నేను అప్ప నోటికి భయపడి కళ్ళు మూసుకున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"నానూ దేవుడి పనేనని దీపం ఎట్టినాను బాబూ. గంపెడు పిల్లలు సచ్చిపోనారు. ఈ ఏడు నాకు మిగిలింది ఇదొక్క గూడే."

సంఘపెద్ద ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. కోపిష్టి గానీ చెడ్డవాడు కాదు. వంగి, పెట్రోమాక్స్ రోడ్డు మీద పెట్టి, దాని గాలి తీసేశాడు. బుస్సు ఆగిపోయింది. అప్పుడు మాకు సముద్రం వినపడింది.

ఆ తర్వాత సంఘం మొత్తం అప్ప చేతిలోకి వెళ్ళిపోయింది. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని తోటలోంచి దిగాం. గూటికి అటు ఆడవాళ్ళూ ఇటు మగవాళ్ళూ కూర్చోమంది. మాకు చర్చిలో ఎలాగూ అదే అలవాటు, కాబట్టి నడుమ దారి దానంతటదే ఏర్పడింది. కూర్చున్నాక ఆ దారి చూసి అప్ప నెత్తి కొట్టుకుంది. నూటయాభై మంది దిగిన అడుగులు గుంటలు గుంటలుగా పడ్డాయి. బొటనవేలంత పిల్లకి మన అడుగు నుయ్యి. అంతే, పండగ తెల్ల చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు మోకాళ్ళ మీద వంగి, గూటి నుంచి నీళ్ళ దాకా ఇసుక చేతులతో చదును చేశారు. మా అమ్మ కూడా చేసింది. ఇంట్లో చాప కూడా వంగి పరవని నా చెల్లెలు చేసింది.

పాటలు మొదలయ్యాయి. చీకట్లో పుస్తకం కనపడదు. అప్పుడు బయటపడింది మా బండారం. అందరికీ పల్లవి వచ్చు, చరణం ఒక్కరికీ రాదు. పల్లవే నాలుగుసార్లు పాడి సిగ్గుపడి ఆగాం. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక వణుకు గొంతు చరణం ఎత్తుకుంది. ఒక్క అక్షరం చదవడం రాని ముసలమ్మ. ఏ ఆదివారమూ పుస్తకం పట్టుకోనందువల్ల ఆవిడకి అన్నీ కంఠతా వచ్చు. ఆ రోజు సంఘాన్ని నడిపించింది ఆవిడే. ప్రసంగం కాగితం కనపడక పాస్టర్ గారు పది నిమిషాల్లో ముగించారు. దానికి కూడా చాలామంది లోలోపల దేవుణ్ణి స్తుతించారని నా అనుమానం.

తూర్పున నీళ్ళ మీద సన్నటి గీత తెల్లబడింది. అప్ప చెయ్యెత్తింది. గూడు మీద కుంగిన ఇసుక ఉడుకుతున్న గంజిలా కదిలింది. ఒక తల వచ్చింది. రెండు. తర్వాత లెక్క లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, దొర్లుతూ, నల్లటి బుల్లి రెక్కలు కొట్టుకుంటూ గూడంతా పొంగింది. వచ్చినవి వచ్చినట్టే తూర్పు గీత వైపు తిరిగాయి. మా నడుమ దారిలో, చదును చేసిన ఇసుక మీద, కిందికి, కిందికి. నూటయాభై మందిలో ఒక్కరు దగ్గలేదు. పసిపిల్లలు కూడా ఊరుకున్నారు. కాకులు రావడంతో ఆ మౌనం చెదిరింది. పాస్టర్ గారు గొడుగు విప్పి వాటి మీదికి పరిగెత్తారు. సంఘపెద్ద కొత్త బూట్లు రెండూ విప్పి, చేతికొకటి తొడుక్కుని, పీతల్ని తరుముతూ నీళ్ళలోకి దిగిపోయాడు. ఆ పెద్దమనిషిని నేను అంత సంతోషంగా ఆయన కూతురి పెళ్ళిలో కూడా చూడలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండిట్లో ఏది ముందు కానివ్వాలో తెలియలేదు.

అన్నీ నీళ్ళలో కలిశాయనుకున్నాం. అప్ప మాత్రం గూటి దగ్గర బోర్లా పడుకుని చేయి భుజం దాకా లోపలికి పెట్టి వెతికింది. అట్టడుగున ఒకటి మిగిలింది. ఇసుక బరువుకి సొమ్మసిల్లినట్టుంది. బయట పెడితే నాలుగడుగులు వేసి ఆగిపోయింది. నేను ఎత్తుకుని నీళ్ళలో వదిలేద్దామని వంగాను. అప్ప నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"నడవనీ. ఈ ఇసక తొక్కి ఎల్తేనే దానికి పుట్టిల్లు గురుతుంటాది."

సూర్యుడు పూర్తిగా పైకొచ్చాడు. బస్సు డ్రైవరు రోడ్డు మీంచి హారను కొట్టాడు, ఎవరో వెళ్ళి అతన్ని కూడా కిందికి తీసుకొచ్చారు. ఆ పిల్ల నాలుగడుగులు నడవడం, ఆగడం, మళ్ళీ నాలుగు. కాకి నీడ పడినప్పుడల్లా ఆడవాళ్ళు కొంగులు అడ్డం పట్టారు. అప్ప దానితోపాటు మోకాళ్ళ మీద జరుగుతూ నీళ్ళ అంచు దాకా వచ్చి, ఇంక ముందుకి వెళ్ళలేనట్టు ఆగిపోయింది. అక్కణ్ణుంచే పాస్టర్ గార్ని అడిగింది.

"అయ్యగారూ, మీ పూజ అయిపోనాదా?"

ఇంకా దీవెన ఉందమ్మా, ఇళ్ళకి వెళ్ళేముందు చెప్పేది అన్నారాయన.

"అయితే ఇప్పుడు సెప్పండి. ఇదీ ఎల్తన్నాది."

పాస్టర్ గారు గొడుగు ముడిచి సంఘపెద్దకి ఇచ్చారు. మాకు వీపు తిప్పి, సముద్రం వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి, ఏ ఆదివారమూ ఒక్క మాట మార్చని ఆ దీవెన మొత్తం చెప్పారు. దీవెన సమయంలో కళ్ళు మూసుకోవాలని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. ఆ రోజు నూటయాభై మందిలో ఒక్కరూ మూసుకోలేదు. ఒక చిన్న అల వచ్చి ఆ పిల్లని తాకింది, వెనక్కి తోసింది. రెండో అల తీసుకుపోయింది.

కళ్ళు మూసుకున్నది అప్ప ఒక్కత్తే. ఇసుకలో మోకాళ్ళ మీద, పిడికిళ్ళు బిగించి, గట్టిగా మూసుకుని ఉంది. దీవెన అయిపోయినా తెరవలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"ఎల్లిపోనాదా బాబూ?"

"వెళ్ళిపోయింది అప్పా."

"అందరూ?"

"అందరూ," అన్నాను.

అప్పుడు తెరిచింది.